శనివారం పొద్దున మన బీచ్‌లో దిగొచ్చా? రెండు యాప్‌లు రెండు మాటలు చెబుతున్నాయి

బోర్డువిరిగినబాబు (బుధవారం రాత్రి)
శనివారం దిగొచ్చో లేదో ఎవరైనా సూటిగా చెప్పండి. ఈ యాప్‌లతో నా వల్ల కావట్లేదు.

రెండు వారాల కిందట అల ఎత్తు 1.3 మీటర్లు అంటే వణుక్కుంటూ వెళ్లా. తీరా చూస్తే మోకాళ్ల దాకా నురగ, అంతే. సర్ఫింగ్ బోర్డుని కదిలించేంత తోపు కూడా లేదు. పోయిన శనివారం 0.9 అని చూపించింది. ఓస్ ఇంతేనా అని దర్జాగా దిగా. రెండో అలకే ఎత్తి ఇసుకకేసి కొట్టింది. బోర్డు వెనకాల అడుగున ఉండే రెక్క, అదే ఫిన్, విరిగి ఎటు పోయిందో ఇప్పటికీ తెలీదు. చెవిలోంచి ఇసుక సోమవారం దాకా రాలుతూనే ఉంది.

ఇప్పుడు ఈ శనివారానికి ఒక యాప్ 1.2 అంటోంది, ఇంకోటి 1.5 అంటోంది. స్వెల్ (దూరం నుంచి వచ్చే అలలు) పక్కన 200 డిగ్రీలు అనుంది. అంటే అటు పోతున్నట్టేగా, మరి మన ఒడ్డుకి ఎలా వస్తుంది? గాలి ఉత్తరం. పైగా మా బావమరిది, వాడి పదకొండేళ్ల కొడుకు వస్తున్నారు. వాళ్లు సముద్రం చూడటమే ఇది మొదటిసారి.

తడి_తువ్వాలు
చెవిలో ఇసుక పారేయకు. ఫిన్ అందులోనే ఉందేమో చూడు.

మోడల్_మాస్టారు
బాబూ, ముందు ఒకటి చెప్పు. ఆ రెండు రోజులూ అల ఎత్తు పక్కన సెకన్లలో ఒక అంకె ఉండుంటుంది. ఎంత?

బోర్డువిరిగినబాబు
స్క్రీన్‌షాట్లు వెతికా. 1.3 రోజు 6 సెకన్లు. 0.9 రోజు 15 సెకన్లు. ఈ శనివారం 14 అనుంది. అదేంటో తెలీక ఎప్పుడూ పట్టించుకోలేదు.

మోడల్_మాస్టారు
నీ ఫిన్ విరగ్గొట్టింది అదే.

ఒక అల తల దాటాక తర్వాతి అల తల వచ్చేదాకా పట్టే సమయం అది. పీరియడ్ అంటారు. లోతు నీళ్లలో అల పొడవెంతో దీన్నిబట్టే తేలుతుంది. పీరియడ్‌ని పీరియడ్‌తోనే గుణించి, ఆపైన 1.56తో గుణిస్తే మీటర్లలో వస్తుంది. 6 సెకన్ల అల పొడవు 56 మీటర్లు. 15 సెకన్లది 351 మీటర్లు. లోతు ఆ పొడవులో సగానికి తగ్గేసరికి అలకి నేల తగలడం మొదలవుతుంది. పొట్టి అలకి అది 28 మీటర్ల లోతులో, పొడుగుదానికి 175 మీటర్ల లోతులోనే. అక్కణ్నుంచి ముందు భాగం నెమ్మదిస్తుంటే వెనకది తోసుకొస్తుంది. ఒడ్డు దగ్గరికొచ్చేసరికి నిలువుగా లేచి నిలబడుతుంది. యాప్‌లో 0.9 అన్నది నీ నెత్తి మీదకొచ్చేటప్పటికి 0.9గా ఉండదు.

బలం కావాలంటే మోటు లెక్క ఒకటుంది: ఎత్తుని ఎత్తుతో గుణించి, మళ్లీ పీరియడ్‌తో గుణించు. నురగ రోజు 1.3 × 1.3 × 6, అంటే 10. ఫిన్ విరిగిన రోజు 0.9 × 0.9 × 15, అంటే 12. చిన్నగా కనబడిందే బలమైంది. ఈ శనివారం 1.2 × 1.2 × 14. ఇరవై.

సన్‌స్క్రీన్_సుబ్బులు
పీరియడ్ అంటే నాకు లెక్కల పీరియడే గుర్తొస్తుంది మాస్టారూ. చివరికి ఇక్కడా అదే అయింది.

ఏడోకెరటం
ఇరవై అంటే రెండో ఫిన్ కూడా గోవిందా.

బోర్డువిరిగినబాబు
ఇంకో రెండు మిగిలాయి, ఫర్లేదు. మరి 1.2 ఏంటి, 1.5 ఏంటి? ఏది నమ్మాలి?

మోడల్_మాస్టారు
రెండూ నిజమే అయ్యుంటాయి. ఒక యాప్ దూరం నుంచి వచ్చే స్వెల్ ఒక్కదాన్నే చూపిస్తుంది. ఇంకోటి ఇక్కడి గాలి లేపే పొట్టి అలల్ని కూడా కలిపి చూపిస్తుంది. ఆ కలపడం మామూలు కూడిక కాదు, వర్గాలు కూడి వర్గమూలం తీయాలి. స్వెల్ 1.2, గాలి అల 0.9 అనుకో. 1.44, 0.81 కలిపితే 2.25. వర్గమూలం 1.5. రెండో యాప్‌లో కిందకి జరిపి చూడు, 0.9 ఎక్కడో ఉండాలి.

బోర్డువిరిగినబాబు
ఉంది! మధ్యాహ్నం 3 గంటల గడిలో 0.9, 5 సెకన్లు. పొద్దున 7 గంటల గడిలో మాత్రం 0.3. మాస్టారూ, మీరు మనిషేనా?

తడి_తువ్వాలు
ఆయన కల్లో కూడా వర్గమూలాలే.

రాళ్లకవతల
బాబు అడిగిన డిగ్రీల సంగతి ఎవరూ చెప్పలేదు. గాలికైనా స్వెల్‌కైనా *ఎక్కణ్నుంచి* వస్తోందో రాస్తారు. 200 డిగ్రీలంటే దక్షిణం దాటి కాస్త పడమరగా ఉన్న దిక్కు నుంచి. మన బీచ్ దక్షిణానికి తిరిగి ఉంది కాబట్టి దాదాపు తిన్నగా మొహం మీదకే. ఉత్తరం గాలి అంటే నేల మీద నుంచి సముద్రంలోకి వీచేది. అది అల ముఖాన్ని కాసేపు నిలబెట్టి నున్నగా చేస్తుంది, మనకి మంచిదే. ప్రవాహాలకి మాత్రం *ఎటు పోతోందో* రాస్తారు. ఈ తిరకాసు ఎవడు పెట్టాడో గానీ, మొదటి ఏడాదంతా నేను తలకిందులుగా చదివా. దక్షిణం గాలి అని ఉన్న ప్రతి రోజూ సంబరంగా వెళ్లి, నురగలో మునిగి వచ్చేవాణ్ని.

ఒడ్డున_కూర్చునేవాడు
ఇన్ని లెక్కలు ఎందుకండీ. మా తాతకి పడవ ఉండేది. చీకటితో ఒడ్డుకొచ్చి ఆకాశం కేసి ఓసారి, నీళ్ల కేసి ఓసారి చూసేవాడు. దింపండి అంటే దింపడమే, వద్దంటే వద్దనడమే. ఏ యాప్ చూశాడు?

మోడల్_మాస్టారు
మీ తాతగారి మీద గౌరవంతోనే చెబుతున్నా. ఆకాశం చెప్పేది ఇక్కడి గాలి గురించి. శనివారం వచ్చే స్వెల్ ఇక్కడిది కాదు. మొన్న సోమవారం మధ్యాహ్నం 4,500 కిలోమీటర్ల అవతల ఒక తుపాను గాలి లేపింది. ఇక్కడ ఆకాశం అద్దంలా ఉన్నా అది వస్తుంది. 1963లో వాల్టర్ మంక్ అనే శాస్త్రవేత్త బృందం దక్షిణ మహాసముద్రంలో పుట్టిన అలల్ని పసిఫిక్ అడ్డంగా అలాస్కా దాకా దీవి దీవికీ పరికరాలు పెట్టి వెంబడించింది. దారిలో ఎక్కడి మబ్బులతోనూ వాటికి పనిలేదు.

పైగా పొడుగు పీరియడ్ అలలు ముందొస్తాయి. 16 సెకన్ల అలల గుంపు గంటకి 45 కిలోమీటర్లు నడుస్తుంది, 14 సెకన్లది 39. లెక్క ప్రకారం శుక్రవారం సాయంత్రం నాలుగింటికల్లా 16 సెకన్లవి తగలాలి. సన్నగా ఉంటాయి, ఎవరూ పట్టించుకోరు. 14 సెకన్లవి శనివారం తెల్లారాక. బాబూ, శుక్రవారం సాయంత్రం ఒడ్డుకెళ్లి పది అలలకి ఎంతసేపు పట్టిందో చూసి రా.

ఒడ్డున_కూర్చునేవాడు
సరే, ఒప్పుకున్నా. మరి మీ యాప్‌కి ఇసుక ఎక్కడుందో తెలుసా? పోయిన వానలకి కాలవ మొగ దగ్గర తిన్నె మొత్తం తూర్పుకి జరిగింది. పోయిన నెల నడుములోతు ఉన్నచోట ఇప్పుడు నిలువులోతు. అల విరిగేది ఇసుకని బట్టి. ఇది మాత్రం వచ్చి చూసినవాడికే తెలుస్తుంది.

మోడల్_మాస్టారు
అక్కడ నా దగ్గర జవాబు లేదు. చాలా యాప్‌లు వాడే జీఎఫ్ఎస్ (అమెరికా వాళ్ల వాతావరణ మోడల్) గాలి డేటా పావు డిగ్రీ గడుల్లో వస్తుంది. ఒక్కో గడి పాతిక కిలోమీటర్ల పైమాటే. రోజుకి నాలుగుసార్లు కొత్త లెక్క వేస్తారు గానీ, మన కాలవ మొగ ఆ గడిలో ఆవగింజంత కూడా కాదు.

తడి_తువ్వాలు
తాతగారు 1, మాస్టారు 1. మ్యాచ్ డ్రా.

ఉప్పుగాలి
ఒడ్డున గారు కాలవ మొగ అన్నారు కాబట్టి చెబుతున్నా. బాబు గారూ, పిల్లాణ్ని తీసుకొస్తున్నారు, ఇది కాస్త ఓపిగ్గా చదవండి.

మూడేళ్ల కిందట మా అక్క, వాళ్ల పిల్లలిద్దరూ వచ్చారు. అటూ ఇటూ అలలు తెల్లగా విరుగుతున్నాయి, మధ్యలో పదిహేను అడుగుల మేర మాత్రం నీళ్లు ముదురు రంగులో ప్రశాంతంగా ఉన్నాయి. "ఇక్కడ అలలే లేవు, పిల్లలకి ఇదే మంచిది" అని అక్క అక్కడే దింపింది. నేను ఒడ్డున బ్యాగు దగ్గర కూర్చున్నా. ఎవరిదో ఒంటి చెప్పు, నీలం రంగు పట్టీది, నీళ్లలో తేలుతూ కనబడింది. ఒడ్డుకి కొట్టుకురావాల్సింది లోపలికి పోతోంది. పక్కనే గోధుమరంగు నురగ చారలా అదే దారిన పోతోంది. గట్టు మీద మనిషి ఎంత వేగంగా నడుస్తాడో అంత వేగంగా. అప్పుడు వెలిగింది నాకు.

అరిచా. చిన్నది మోకాలి లోతులో ఉంది, లాక్కొచ్చేశాం. పెద్దాడి కాళ్లు అప్పటికే నేల వదిలేశాయి. బోర్డు మీద ఉన్న ఒకతను చూసి వెళ్లి పట్టుకున్నాడు. మొత్తం రెండు నిమిషాలు కూడా కాలేదు.

అలలు తోసిన నీళ్లన్నీ వెనక్కి పోవడానికి ఒక గాడి చేసుకుంటాయి. గాడి లోతుగా ఉంటుంది కాబట్టి అక్కడ అల విరగదు. చూడ్డానికి అదే చల్లగా, దిగబుద్ధయ్యేలా ఉంటుంది. ఇప్పటికీ నేను వెళ్లగానే చూసేది అల ఎత్తు కాదు, ఎక్కడ అల *లేదో*.

సన్‌స్క్రీన్_సుబ్బులు
చదువుతుంటేనే ఒళ్లు జలదరించింది ఉప్పుగాలి గారూ.

ఏడోకెరటం
అలా లోపలికి లాగే ప్రవాహాన్నే రిప్ కరెంట్ అంటారు. అందులో పడితే ఒడ్డుకి సమాంతరంగా ఈదాలి, అంతే. బీచ్‌లో ప్రతి హెచ్చరిక బోర్డు మీదా బొమ్మ వేసి మరీ ఉంటుంది.

రాళ్లకవతల
అంతే కాదు గురూ. ముందు తేలాలి. జీపీఎస్ పెట్టిన తేలుడు పరికరాలు వదిలి చూసినవాళ్లు చెప్పింది ఏంటంటే, చాలా చోట్ల ఆ నీళ్లు తిన్నగా నడిసముద్రంలోకి పోవు, గుండ్రంగా తిరిగి మళ్లీ విరిగే అలల్లోకే వస్తాయి. పక్కకి ఈదేటప్పుడు తప్పు పక్క ఎంచుకున్నావంటే ఆ తిరుగుడికే ఎదురీదుతున్నట్టు. ఈదితే అలసిపోతావు, మునిగేది అలసిపోయినవాడే.

ఏడోకెరటం
ఊరికే తేలుతూ ఉంటే నడిసముద్రంలోకి పోయేవాళ్లూ ఉంటారుగా?

రాళ్లకవతల
ఉంటారు. అందుకే తేలుతూ చెయ్యెత్తమంటారు. ఊపిరి నిలదొక్కుకున్నాక పక్కనే ఎటు అలలు విరుగుతున్నాయో చూసి అటు ఈదు. ఎదురీదడం మాత్రం వద్దు. రిప్ జోరు మీదుంటే సెకనుకి రెండు మీటర్లు దాటుతుంది. ఒలింపిక్ ఈతగాడు కూడా దానికి ఎదురు నిలవలేడు, నువ్వూ నేనూ ఎంత?

ఉప్పుగాలి
ఇద్దరూ చెప్పేదాంట్లో ఎదురీదొద్దన్న మాట ఒకటే ఉంది, అది చాలు. పదకొండేళ్లవాడికి బొమ్మ గుర్తుండదు. "భయమేస్తే వెల్లకిలా పడుకో, చెయ్యెత్తు" అని ఇంట్లోనే మంచం మీద చేయించండి. మా పెద్దాడికి అలాగే నేర్పాం.

పోటుమీదపిట్ట
పోటు లెక్క ఎవరూ ఎత్తలేదే? శుక్రవారం పౌర్ణమి. పెద్ద పోటు, పెద్ద ఆటు. శనివారం తెల్లవారుజామున 5:50కి ఆటు బాగా తీసేసి ఉంటుంది, మధ్యాహ్నం పన్నెండుకి పోటు. తేడా 1.8 మీటర్లు.

నీళ్లు ఒకే వేగంతో ఎక్కవు. ఆరు గంటల్ని పన్నెండు వాటాలు చేస్తే మొదటి గంటలో ఒక వాటా, తర్వాత రెండు, మూడు, మూడు, రెండు, ఒకటి. అంటే 7:50 నుంచి 9:50 లోపల సగం, 90 సెంటీమీటర్లు ఎక్కేస్తుంది. పొద్దున్నే పొడి ఇసుక మీద పెట్టిన బ్యాగు తొమ్మిదిన్నరకి ఈత నేర్చుకుంటుంది. నాది నేర్చుకుంది. తాళాలతో సహా.

తడి_తువ్వాలు
నీలం పట్టీ చెప్పు కూడా నీదేనా?

పోటుమీదపిట్ట
నాది ఎర్రది.

రాళ్లకవతల
పిట్ట చెప్పింది కలుపుకుంటే: ఆరింటికి దిగితే నీళ్లు తక్కువ, 14 సెకన్ల అల ఇసుక మీదే దబ్బున కూలుతుంది, మెడలు విరిగేది అక్కడే. పదిన్నర దాటితే నేల వేడెక్కి సముద్రం గాలి మొదలవుతుంది, మధ్యాహ్నానికి ఆ 0.9 వచ్చి కలుస్తుంది. ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర. అంతకు మించి ఆశ పెట్టుకోవద్దు.

ఒడ్డున_కూర్చునేవాడు
గాలి మొదలైందో లేదో చూడ్డానికి యాప్ అక్కర్లేదు, ఇది మాత్రం రాసుకోండి. నీళ్ల మీద అక్కడక్కడా తెల్ల నురగ తలలు లేస్తున్నాయంటే గంటకి 12 నుంచి 19 కిలోమీటర్ల గాలి. ఎటు చూసినా తెలుపే అయితే ఇరవై దాటింది, సర్దుకోండి. ఇది మా తాత లెక్క కాదు. 1805లో బ్యూఫోర్ట్ అనే నౌకాదళం ఆయన కట్టిన కొలమానం. మాస్టారు మళ్లీ ఏమీ అనకుండా ముందే చెబుతున్నా.

మోడల్_మాస్టారు
నేనేమీ అనలేదండీ :)

ఏడోకెరటం
ఇంకోటి. ప్రతి ఏడో కెరటం పెద్దది. ఆరు వదిలేసి ఏడోది దాటాక లోపలికి వెళ్లండి. నా పేరే దాని మీద పెట్టుకున్నా.

మోడల్_మాస్టారు
పేరు మార్చుకోవాల్సి వస్తుందేమో. కొంచెం తేడా ఉన్న అలల వరసలు ఒకదాని మీద ఒకటి పడి, తలలు కలిసినచోట పెద్దవి వస్తాయి. అది ఒకసారి ఐదోది, ఒకసారి పదమూడోది. యాప్‌లో 1.2 అన్నది కూడా అన్నిటికంటే పెద్ద అల ఎత్తు కాదు. అలల్ని ఎత్తు ప్రకారం పేర్చి, పై మూడో వంతు సగటు తీస్తే వచ్చేది. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం ఒడ్డున దిగడానికి అంచనా వేస్తూ మంక్, ఆయన గురువు స్వెర్‌డ్రప్ వాడిన కొలత అది. మూడు గంటల్లో 770 అలలు వస్తాయి. వాటిల్లో ఒకటి ఇంచుమించు 2.2 మీటర్లు ఉంటుంది. ఎన్నోదో మాత్రం ఎవడూ చెప్పలేడు.

ఏడోకెరటం
పేరు మార్చను. 770లో ఏడు నూటపది సార్లు ఉంది, ఎప్పుడో ఒకసారి తగలకపోదు.

సన్‌స్క్రీన్_సుబ్బులు
శనివారం సాయంత్రం ఉరుములు అని కూడా చూపిస్తోంది. మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లు. ఉరుము 30 సెకన్ల లోపు వచ్చిందంటే నీళ్లలోంచి బయటికి, ఇసుక మీంచి కూడా బయటికి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా వెనక్కి పోకూడదు. చూశారా, నాకూ భాగహారం వచ్చు.

బోర్డువిరిగినబాబు (శుక్రవారం సాయంత్రం)
ఇప్పుడే ఒడ్డు నుంచి వచ్చా. చూస్తే ఏమీ లేదు, చెరువులా ఉంది. వెనక్కి తిరగబోతుంటే ఒక్కటి లేచింది. సన్నగా, ఈ కొస నుంచి ఆ కొస దాకా గీత గీసినట్టు. మళ్లీ చాలాసేపు ఏమీ లేదు. మాస్టారు చెప్పారని నిలబడి లెక్కపెట్టా. పది అలలకి 2 నిమిషాల 38 సెకన్లు.

మోడల్_మాస్టారు
15.8. వస్తోంది.

తడి_తువ్వాలు
"వస్తోంది" అని అలా ఒక్క ముక్కలో అంటే భయమేస్తుంది సార్.

ఉప్పుగాలి
బాబు గారూ, పిల్లాడి సంగతి?

బోర్డువిరిగినబాబు
వాణ్ని దింపట్లేదు. బావమరిదిని కూడా మోకాలి లోతు దాటనివ్వను, సముద్రానికి వీపు పెట్టి సెల్ఫీలు తీసుకోనివ్వను. ఇందాకే చెప్పేశా. వాడు అలిగాడు, పిల్లాడు మంచం మీద వెల్లకిలా పడుకుని చెయ్యెత్తడం ప్రాక్టీసు చేస్తున్నాడు.

బోర్డువిరిగినబాబు (శనివారం మధ్యాహ్నం)
వెళ్లొచ్చాం, అందరం ఉన్నాం.

7:15కి చేరాం. వెంటనే దిగలేదు, పావుగంట కూర్చుని చూశా. సగం ఎరుపు, సగం పసుపు ఉండే జెండాలు (వాటి మధ్యే ఈదాలని) పడమర వైపు పాతారు, కాలవ మొగ దగ్గర ఒట్టి ఎర్ర జెండా (దిగొద్దని). అక్కడ అల విరగట్లేదు, ఉప్పుగాలి గారు చెప్పినట్టే ముదురు రంగు చార. ఒడ్డున గారూ, తిన్నె నిజంగానే జరిగింది.

ముందు రాళ్ల వైపు దిగా. నాలుగు దొరికాయి, రెండిటి మీద నిలబడ్డా. అల ముఖం నా భుజం దాకా ఉంది, యాప్‌లో 1.2. పది నిమిషాల దాకా ఏమీ లేక, వచ్చినప్పుడు ఐదు ఒకదాని వెనక ఒకటి. ఐదోది పెద్దది (సారీ ఏడోకెరటం). అది చూసి నేను వెనక్కి తిరిగా, సిగ్గేం లేదు. తొమ్మిదింబావుకి నీళ్లు బ్యాగు దాకా వస్తే బావమరిది ఎత్తుకుని పరిగెత్తాడు, అలక కూడా పోయింది. పదీ ఇరవైకి తెల్ల తలలు కనబడ్డాయి, సర్దేశాం.

పోటుమీదపిట్ట
బ్యాగు బతికింది కదా, నాకదే సంతోషం.

ఉప్పుగాలి
పిల్లాడు ఏడవలేదా?

బోర్డువిరిగినబాబు
లేదండీ. నా ఫోన్ ఇచ్చి అలలు లెక్కపెట్టమన్నా. మూడు గంటలూ ఇసుకలో కూర్చుని పుల్లతో గీతలు గీస్తూనే ఉన్నాడు. కారెక్కాక నాతో వాదన: "మామయ్యా, మీ యాప్ తప్పు. పొద్దున 14 వచ్చింది, తర్వాత 13న్నరే వస్తోంది."

మోడల్_మాస్టారు
యాప్ తప్పు కాదు, వాడూ తప్పు కాదు. పొడుగువి ముందొచ్చేశాయి, పొద్దెక్కేకొద్దీ తగ్గాల్సిందే. వాడు గీసిన గీతలకి ఫోటో ఏమైనా తీశావా?

బోర్డువిరిగినబాబు
లేదు మాస్టారూ, పోటు తుడిచేసింది.